ఎమ్మెల్యే నామినేషన్: పది సంతకాలు, ఒక అఫిడవిట్, ఒక ప్రమాణం

నోటిఫికేషన్ వచ్చాక నామినేషన్ వేయడానికి ఉండేది వారం రోజులే. 2024లో మన రాష్ట్రంలో ఏప్రిల్ 18న నోటిఫికేషన్ వచ్చింది. 25 ఆఖరు తేదీ, 26 పరిశీలన, 29 ఉపసంహరణ. మధ్యలో ఆదివారం సెలవు. పెద్ద పార్టీల అభ్యర్థులకు వెనక వకీళ్లు, ఆడిటర్లు ఉంటారు. ఊరికి నీళ్లు రాలేదనో, రోడ్డు పడలేదనో నిలబడే ఇండిపెండెంట్లకు ఆ బలగం ఉండదు. వాళ్లలో చాలామంది ఓటరు ముందుకు పోకముందే పరిశీలన బల్ల దగ్గర ఆగిపోతారు. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో అలా నిలబడాలనుకునేవాళ్ల కోసం ఇది.

ముందు అర్హత చూసుకోండి. పరిశీలన నాటికి 25 ఏళ్లు నిండాలి. రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటు ఉంటే చాలు. ఆలూరులో ఓటున్నవాళ్లు పత్తికొండలో నిలబడవచ్చు, కాకపోతే తమ పేరున్న ఓటర్ల జాబితా సర్టిఫైడ్ కాపీని నామినేషన్‌తోనో, కనీసం పరిశీలన సమయానికో ఇవ్వాలి. జిరాక్స్ చెల్లదు. కోడుమూరు, నందికొట్కూరు, శింగనమల, మడకశిర, బద్వేలు, రైల్వే కోడూరు ఎస్సీ రిజర్వుడు స్థానాలు. అక్కడ ఈ రాష్ట్రపు ఎస్సీ జాబితాలో ఉన్న కులం వాళ్లే నిలబడాలి. ఇక సీమలో ఎక్కువమందిని తట్టేది కాంట్రాక్టు. రాష్ట్ర ప్రభుత్వ పని మీ పేరు మీద నడుస్తూ ఉంటే అనర్హులవుతారు. పని పూర్తిగా అప్పజెప్పి, బిల్లు మాత్రమే రావాల్సి ఉంటే ఇబ్బంది లేదు. కాబట్టి పని పూర్తయినట్టు కాగితం చేతిలో పెట్టుకోండి.

నామినేషన్ పత్రం ఫారం 2బి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ప్రతిపాదించేవాళ్లు ఒక్కరు చాలు. ఇండిపెండెంటుకైనా, రిజిస్టరై గుర్తింపు లేని పార్టీకైనా పదిమంది కావాలి. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. మన దగ్గర తప్పు జరిగేది ఇక్కడే. కల్లూరు కర్నూలు నగరంలో కలిసిపోయినట్టే కనిపిస్తుంది, కానీ అది పాణ్యం నియోజకవర్గం. అనంతపురాన్ని ఆనుకుని ఉన్న రూరల్ పంచాయతీల్లో కొన్ని రాప్తాడులోకి వస్తాయి. కడప పక్కనే ఉన్న చింతకొమ్మదిన్నె కమలాపురంలో ఉంది. ఇల్లు ఎక్కడుందని కాదు, ఓటు ఏ జాబితాలో ఉందన్నదే లెక్క. ప్రతి ఒక్కరి పార్టు నంబరు, సీరియల్ నంబరు తాజా జాబితాలో చూసి రాయండి. పాత ఓటరు స్లిప్పు చూసి రాస్తే అంకెలు మారిపోయి ఉంటాయి. చిన్న అక్షరదోషానికి నామినేషన్ కొట్టేయకూడదని చట్టం చెబుతుంది, కానీ మనిషే దొరకనంత తప్పు చిన్నది కాదు.

వేలిముద్ర వేసేవాళ్లుంటే వాళ్లను రిటర్నింగ్ అధికారి (ఆర్వో) ముందుకో, ఎన్నికల సంఘం అధికారమిచ్చిన మరో అధికారి ముందుకో తీసుకుపోవాలి. ఇంటి దగ్గర వేయించుకొచ్చిన ముద్రకు అధికారి ధ్రువీకరణ ఉండదు కాబట్టి చెల్లదు. కోసిగి, కౌతాళం వైపు సగం ఊరు సుగ్గికి, అంటే వలస పనులకు, పోయి ఉండే రోజులుంటాయి. ఊళ్లో ఉండేవాళ్లను ముందే చూసుకుని, పదికి బదులు పన్నెండు మందిని సిద్ధంగా పెట్టుకోండి. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేయవచ్చు. వీలైతే వేరే పదిమందితో రెండో సెట్టు వేయండి. ఒకదాంట్లో లోపముంటే ఇంకోటి నిలబెడుతుంది. డిపాజిట్ ఒక్కసారే: జనరల్‌కు 10,000, ఎస్సీ, ఎస్టీలకు 5,000. నగదుగా ఆర్వో దగ్గరైనా, ట్రెజరీ చలానాగానైనా కట్టాలి. చెక్కు తీసుకోరు. గుర్తు కోసం ఇండిపెండెంట్లు మూడు ఫ్రీ సింబల్స్ (ఏ పార్టీకీ కేటాయించని గుర్తులు) వరుసగా రాయాలి. మొదట వేసిన సెట్టులో రాసిందే లెక్కలోకి వస్తుంది, కాబట్టి ఆ మూడింటినీ ఆలోచించి రాయండి.

అఫిడవిట్ ఫారం 26. దీనికి కనీసం మూడు రోజులు కేటాయించండి. మీవి, భార్య లేదా భర్తవి, మీ మీద ఆధారపడ్డవాళ్లవి ఆస్తులు, అప్పులు, పాన్, అయిదేళ్ల ఆదాయపన్ను వివరాలు అన్నీ అందులో ఉండాలి. భూమికి సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కొనుగోలా, కొన్న తేదీ, అప్పటి ధర, ఇప్పటి మార్కెట్ విలువ అడుగుతారు. తాతల నాటి భూమి పంపకాలు కాకపోయినా మీ వాటా చూపించాలి. బంగారం బరువు, విలువ రెండూ రాయాలి. ఏ గడీ ఖాళీగా వదలొద్దు. లేకపోతే ‘లేదు’ అని, వర్తించకపోతే ‘వర్తించదు’ అని రాయండి. గీత గీసినా ఖాళీ కిందే లెక్క. 2013లో సుప్రీంకోర్టు చెప్పిందిదే: ఖాళీలు నింపమని ఆర్వో అడగాలి, అడిగినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు.

కేసుల దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. ఎప్పుడో రాస్తారోకోలో పెట్టిన కేసు పోయిందనే అనుకుంటారు. అది కోర్టులో ఇంకా ఉండవచ్చు. నోటిఫికేషన్‌కు ముందే పోలీసులకు రాతపూర్వకంగా అర్జీ పెట్టి, మీ మీదున్న ఎఫ్‌ఐఆర్‌ల జాబితా తీసుకోండి. కేసులుంటే ఉపసంహరణ గడువు తర్వాత మూడు విడతలుగా పత్రికల్లో, టీవీలో ప్రకటన ఇవ్వాలి. ఆ ఖర్చు మీదే. దాచితే ఏమవుతుందో మడకశిర చూసింది. 2014లో అక్కడ గెలిచిన ఎమ్మెల్యే ఎన్నికను, అఫిడవిట్‌లో వివరాలు దాచారన్న కారణంతో 2018లో హైకోర్టు రద్దు చేసింది. అప్పటికే నాలుగేళ్లు గడిచిపోయాయి.

నోటరీ సంతకం, ముద్ర అఫిడవిట్ ప్రతి పేజీ మీద పడ్డాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.

చాలామంది మరిచిపోయేది ప్రమాణం. గెలిచాక అసెంబ్లీలో చేసేది వేరు. ఇది అభ్యర్థిగా రాజ్యాంగానికి విధేయతతో చేసేది. నామినేషన్ ఇచ్చిన తర్వాత, పరిశీలన తేదీకి ముందే చేయాలి. పరిశీలన రోజు పొద్దున చేస్తానంటే కుదరదు. మిగతా కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా ఈ ఒక్కటి లేకపోతే నామినేషన్ పోతుంది. నామినేషన్ ఇచ్చిన వెంటనే ఆర్వోను అడిగి అక్కడే ప్రమాణం చేసి, చేసినట్టు కాగితం తీసుకోండి.

నామినేషన్ల సమయం పగలు 11 నుంచి 3 దాకా. ఆఫీసుకు వంద మీటర్ల లోపలికి మూడు వాహనాలే. గదిలోకి మీతో కలిపి అయిదుగురే. మంచి ముహూర్తమని ఆఖరి రోజు రెండున్నరకు పోతే, ఊరేగింపు రోడ్డు మీదే ఆగిపోతుంది. ముహూర్తమే ముఖ్యమైతే ఒక సెట్టు ముందు రోజు నిశ్శబ్దంగా వేసి, ఇంకోటి ఆ ఘడియకు వేయండి. పార్టీ టికెట్ మీద వేసేవాళ్లకు ఏ, బీ ఫారాలు (ఈయనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రాలు) ఆఖరి రోజు మూడింటిలోపు అందాలి. వాటి మీద సిరాతో చేసిన అసలు సంతకమే ఉండాలి.

ఖర్చు పరిమితి 40 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల కోసమే కొత్త బ్యాంకు ఖాతా తెరవాలి. మీ ఒక్కరి పేరునైనా, ఎలక్షన్ ఏజెంటుతో కలిపైనా తెరవవచ్చు. ఏజెంటు కాని కుటుంబ సభ్యులతో జాయింటు కుదరదు. ఒక మనిషికి ఎన్నిక మొత్తం మీద నగదుగా 10,000 మించి ఇవ్వకూడదు. షామియానా ఆయనకు మూడు సభలకు మూడుసార్లు ఐదేసి వేలు ఇస్తే పరిమితి దాటినట్టే. నామినేషన్ ఊరేగింపు ఖర్చూ లెక్కలోకి వస్తుంది. కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా తప్పనిసరి. అవి లేకుండా అచ్చువేస్తే ఆరు నెలల దాకా జైలు శిక్ష ఉంది.

ప్రచారం ఎవరికి వచ్చినట్టు వాళ్లు చేస్తారు. నేను గట్టిగా చెప్పేది పోలింగ్ ఏజెంట్ల గురించి. 2024లో పోలింగ్ ఏడింటికి మొదలైంది. దానికి తొంభై నిమిషాల ముందు, అంటే ఐదున్నరకే, మాక్ పోల్ (నమూనా పోలింగ్). కనీసం యాభై ఓట్లు వేసి, ఫలితం చూసి, మెషీన్ క్లియర్ చేస్తారు. మీ ఏజెంటు ఏడింటికి వస్తే అది చూడలేడు. ఏజెంటును నియమించే ఫారం 10 మీద మీ సంతకం, అధికారులకిచ్చిన నమూనా సంతకం ఒకేలా ఉండాలి. వందల కాగితాల మీద చేసేటప్పుడు చేయి అలసి సంతకం మారితే పోలింగ్ బూత్ దగ్గర ఏజెంటును ఆపేస్తారు. పోలింగ్ అయ్యాక ఫారం 17సి నకలు తీసుకోకుండా ఏజెంటు బయటికి రాకూడదు. మెషీన్ నంబరు, పోలైన ఓట్లు అందులో ఉంటాయి. లెక్కింపు రోజు టేబుల్ దగ్గర సరిచూసుకోవడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే. 2024లో అదే మడకశిరలో గెలుపోటముల తేడా 351 ఓట్లు.

చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ వస్తేనే డిపాజిట్ దక్కుతుంది. 1,80,000 చెల్లితే 30,000 దాటాలి. నోటా ఓట్లు ఈ లెక్కలో కలవవు. ఓడినవాళ్లు చాలామంది అక్కడితో వదిలేస్తారు, అదే పొరపాటు. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు ఖర్చు లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు ఎక్కడా పోటీ చేయకుండా అనర్హత వేయవచ్చు. వంద ఓట్లు వచ్చినవాళ్లకూ ఇదే నియమం. రిజిస్టరు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఓచర్లు, అఫిడవిట్ కలిపి ఇచ్చి, అందినట్టు రసీదు రాయించుకున్నాకే ఆఫీసు నుంచి కదలండి.