మా అమ్మాయి బ్యాగు 3 కిలోల 400 గ్రాములు

మా చిన్నమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం, బీకామ్ కంప్యూటర్స్. ఇల్లు ఉప్పల్‌లో, కాలేజీ కోఠిలో. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కితే రామంతాపూర్, అంబర్‌పేట దాటుకొని దిగేసరికి గంట. ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చాక మాకు నెలనెలా పాసు డబ్బులు మిగులుతున్నాయి, ఆ మేలు చిన్నది కాదు. ఆ టైములో సీటు మాత్రం దొరకదు. బ్యాగు ముందుకు తగిలించుకొని రోజూ నిలబడే వెళ్తుంది.

లాప్‌టాప్ కావాలని అడిగిన రోజు సాయంత్రం ఆ బ్యాగు పట్టుకెళ్లి మా వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను. 3 కిలోల 400. రెండు రికార్డులు, అకౌంట్స్ పుస్తకం, టిఫిన్ బాక్సు, లీటరు నీళ్ల సీసా, గొడుగు. పక్కింటి అబ్బాయి 15.6 అంగుళాల లాప్‌టాప్‌ను ఛార్జరుతో సహా అడిగి తెచ్చి, లోపల పెట్టి మళ్లీ తూచాను. ఐదున్నర కిలోలు దాటింది. "ఏంది సార్, బియ్యమా?" అని కొట్టాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల బరువే 44 కిలోలు.

నేను 20 ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, థీసిస్‌లు. డెస్క్‌టాప్‌లు చాలా కొన్నాను గానీ, లాప్‌టాప్ విషయంలో ఒకసారి దెబ్బ తిన్నాను. మూడేళ్ల కిందట మా పెద్దబ్బాయికి ఆన్‌లైన్‌లో 19 వేలకు బాగా తేలికైనది ఒకటి తీసుకున్నాను. 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (మెమరీ కార్డు లాంటి నెమ్మది రకం) స్టోరేజీ. బరువు తక్కువ, ధర తక్కువ అని సంబరపడ్డాను. ఆరు నెలలు తిరక్కుండానే విండోస్ అప్‌డేట్‌కు జాగా చాలలేదు. ర్యామ్ పెంచుదామంటే అది బోర్డుకే సోల్డర్ చేసి, విప్పడానికి లేకుండా ఉంది. వాడు ప్రాజెక్టు రిపోర్టు మా షాపుకొచ్చి రాత్రుళ్లు కూర్చొని పూర్తి చేశాడు.

అందుకే ఈసారి ముందే అనుకున్నాను: బరువు కిలోన్నర లోపు, ర్యామ్ 8 జీబీ ఉండి పెంచుకోవడానికి వీలుండాలి, స్టోరేజీ 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే రకం). చేతిలో 30 వేలు.

షోరూముల్లో కొత్తవి చూశాం. ఆ ధరలో ఎక్కువగా సెలెరాన్, రైజెన్ 3 7320యూ ప్రాసెసర్లవి కనిపించాయి. 7 వేల సిరీస్ అనగానే సరికొత్తదని అనుకుంటాం. రైజెన్ తయారుచేసే ఏఎమ్‌డీ కంపెనీ పెట్టిన ఆ పేర్లలో మొదటి అంకె ఏ ఏటి మోడలో చెప్తుంది, లోపలి కోర్ ఏ తరానిదో మూడో అంకె చెప్తుంది. అక్కడున్నది 2. అంటే జెన్ 2, 2019లో వచ్చిన డిజైను. బీకామ్ పనికి అదీ సరిపోతుంది, ఎక్సెల్, ట్యాలీ హాయిగా నడుస్తాయి. కానీ దాని ర్యామ్ కూడా సోల్డర్ చేసిందే.

స్క్రీన్ చూడటానికి పెన్‌డ్రైవులో ఒక పెళ్లి పత్రిక ఫైలు పట్టుకెళ్లాను. తెరిస్తే కుంకుమ ఎరుపు కాస్తా ఇటుక రంగులో కనబడింది. కొంచెం పక్కకు జరిగితే ముఖచిత్రమే వెలిసిపోయింది. అది టీఎన్ ప్యానెల్, పక్కనుంచి చూస్తే రంగులు మారిపోయే చౌక రకం తెర. రోజుకు మూడు నాలుగు గంటలు పిల్ల ఆ తెర వంకే చూడాలి కదా, మనసొప్పలేదు.

ఆదివారం షాపులు ఉంటాయో ఉండవో అని శనివారమే బయల్దేరాం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే పారడైజ్‌లో దిగడమే, రైలు మారే పని లేదు. అక్కణ్నుంచి నడిచి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. హైదరాబాద్‌లో కంప్యూటర్ పని చేసేవాళ్లకు అది పుట్టిల్లు లాంటిది. పెద్ద ఆఫీసులు కొన్నేళ్లు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు శుభ్రం చేసి అమ్మే షాపులున్నాయి. వాటి మీద నాకు నమ్మకం ఎందుకంటే, ఆఫీసుల కోసం చేసిన మోడళ్లకు కీబోర్డు, తెర మడిచే కీలు గట్టిగా ఉంటాయి, విప్పి బాగుచేసుకోవచ్చు.

మొదటి షాపులో ఇంటెల్ ఏడో తరం ఐ5 ప్రాసెసర్‌ది ఒకటి 15 వేలకే ఇస్తామన్నారు. వద్దన్నాను. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరమన్నా ఉండాలి. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మూడేళ్లు చదివే పిల్లకు అది ఇవ్వలేను.

రెండో షాపులో థింక్‌ప్యాడ్ టీ480ఎస్ చూపించారు. ఎనిమిదో తరం ఐ5, 14 అంగుళాల ఐపీఎస్ తెర (పక్కనుంచి చూసినా రంగు మారనిది), బరువు 1.32 కిలోలు. 8 జీబీ ర్యామ్ బోర్డు మీదే ఉంటుంది, పెంచుకోవడానికి పక్కన ఒక స్లాట్ ఖాళీ. మా అమ్మాయి ఒంటిచేత్తో పైకెత్తి చూసి, "డాడీ, ఇది రికార్డు బుక్కంత ఉంది" అంది.

పాతవాటిలో అసలు సంగతి బ్యాటరీ దగ్గరే ఉంటుంది. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, వచ్చిన నల్ల కిటికీలో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, దానికి కలిపి బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి (అంతా ఇంగ్లీషు అక్షరాల్లో). ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తప్పుడు బ్యాటరీ పట్టే ఛార్జి), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) అని రెండు అంకెలుంటాయి. మొదటి పీసులో 57,000కు 39,800. అంటే 70 శాతం. ఇంకొకటి చూపించమన్నాను. షాపు కుర్రాడు విసుక్కోకుండా లోపల్నుంచి మూడు తెచ్చాడు. ఒకదాంట్లో 49,300 ఉంది. అదే పక్కన పెట్టించాను.

తర్వాత ఆపి మళ్లీ ఆన్ చేసి, బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి పాత ఆఫీసు వాళ్ల పాస్‌వర్డు ఏమన్నా ఉందేమో చూశాను. లేదు. సెట్టింగుల్లో విండోస్ యాక్టివేట్ అయినట్టే చూపించింది. ఆఖర్న నోట్‌ప్యాడ్ తెరిచి తెలుగులో ఒక పేజీ కొట్టాను. రోజంతా కొట్టే మనిషిని, నా వేళ్లకు తెలుస్తుంది. ఒక్క మీట కూడా తడబడలేదు. 'ఎ', 'ఎస్' మీటల మీద అక్షరాలు కొంచెం అరిగాయి, అంతే.

24 వేలన్నది 22 వేలకు తెగింది. ఆరు నెలల వారంటీ అని జీఎస్టీ బిల్లు మీదే రాయించుకున్నాను. నోటిమాట వారంటీలు వద్దు. మిగిలిన డబ్బులోంచి ముందు ముందు ర్యామ్ ఒకటి వేయిస్తాను.

దీనికి ఛార్జింగు టైప్-సీ. వర్డు, ఎక్సెల్ వాడుకుంటే ఐదు గంటల దాకా వస్తోంది కాబట్టి ఛార్జరు ఇంట్లోనే ఉంటోంది. సోమవారం పొద్దున బ్యాగు మళ్లీ కాటా మీద పెట్టాం. 4 కిలోల 700. బరువు ఇంకా తగ్గడానికి లీటరు సీసా బదులు అర లీటరుది పెట్టుకుంటానంది. వద్దమ్మా, ఎండలు ముదురుతున్నాయి, నీళ్లు తగ్గించకు అన్నాను. సాయంత్రం అకౌంట్స్ పుస్తకాన్ని షాపుకు తీసుకెళ్లి, మొదటి మూడు చాప్టర్లు నేనే స్కాన్ చేసి లాప్‌టాప్‌లో వేసి ఇచ్చాను.