వీడియో కాల్ డాక్టర్‌కి చెప్పే బీపీ అంకె

ఫోన్లో డాక్టర్ చెయ్యి పట్టుకుని చూడలేరు. ప్రభుత్వం నడిపే వీడియో వైద్య సేవ ఈ-సంజీవని అయినా, అమెరికాలో ఉన్న కొడుకు మాట్లాడిపెట్టిన ప్రైవేటు డాక్టరైనా అంతే. ఇంట్లో పెద్దవాళ్లు చదివి చెప్పిన అంకెను బట్టే మాత్ర పెంచాలా తగ్గించాలా అన్నది తేలుతుంది.

మిషన్ కొనేటప్పుడు బ్లూటూత్ ఉందా అని అడుగుతారు గానీ పట్టీ సైజు ఎవరూ అడగరు. జబ్బ మధ్యలో టేపుతో కొలవండి. మామూలు పట్టీ సాధారణంగా 22 నుంచి 32 సెం.మీ. వరకే. 35 సెం.మీ. జబ్బకి దాన్నే బిగిస్తే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. మణికట్టు మిషన్ల జోలికి పోకండి.

కాఫీ తాగి అరగంట దాటాలి. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మంచం అంచున కాళ్లు వేలాడేసి చూసింది లెక్కలోకి రాదు. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో. నిమిషం ఆగి రెండోసారి. మధ్యలో "ఎంతొచ్చింది నాన్నా?" అని పలకరించారో, ఆయన బదులిస్తారు, అంకె పెరుగుతుంది. పొద్దున మాత్ర వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం, ఇలా 7 రోజులు. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు చెప్పండి. ఇంట్లో చూసిన సగటుకి బీపీ ఎక్కువ అనే గీత 135/85, ఆసుపత్రిలోలాగా 140/90 కాదు.

అసలు ముఖ్యమైన అంకెను దాదాపు ఎవరూ పంపరు. అది నిలబడ్డాక చూసే బీపీ. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక 1వ నిమిషంలో, 3వ నిమిషంలో చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టర్‌కి చెప్పి తీరాలి. పక్కన ఒకరు పట్టుకునేలా ఉండాలి సుమా. బీపీ మాత్రలకు తోడు ప్రొస్టేట్‌కి టామ్‌సులోసిన్, నీరు పోయే మాత్రలు వాడేవాళ్లలో ఈ పడిపోవడం ఎక్కువ. కూర్చున్నప్పటి 150 మాత్రమే విన్న డాక్టర్ ఇంకో మాత్ర రాస్తారు. ఆ రాత్రి బాత్రూముకి లేచినప్పుడు కళ్లు తిరిగి పడితే తుంటి ఎముక విరగొచ్చు.

తెర మీద లయ తప్పిన గుండె గుర్తు వస్తుంటే ఆ సంగతీ చెప్పండి. అలాంటివాళ్లకి ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుంది, మూడుసార్లు చూడాలి.

యాప్ రాకపోయినా ఫరవాలేదు. తేదీ, టైము, పై అంకె, కింది అంకె, నాడి, మాత్ర వేసుకున్న వేళ కాగితం మీద రాసి ఫొటో తీసి పంపితే చాలు. సెల్స్ నీరసించినప్పుడు మిషన్ సరిగ్గా గాలి ఎక్కించలేక ఎర్రర్ చూపిస్తుంది, ఓ సెట్టు అదనంగా పెట్టుకోండి.