పాత చిత్రం లేని మొదటి మామోగ్రామ్

నలభయ్యో పుట్టినరోజు దాటిన తరువాత మామూలు ఆరోగ్య పరీక్షలకు వెళ్ళినప్పుడు, మా డాక్టరుగారు రక్తపరీక్షల చీటీతోపాటు, రొమ్ములకు తీసే ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌కు కూడా ఒక చీటీ రాసి ఇచ్చారు. నాకు గడ్డ ఏదీ చేతికి తగల్లేదని, నొప్పి కూడా లేదని చెప్పాను. ఏ లక్షణమూ లేనివారికి చేస్తారు కనుకనే దీనిని స్క్రీనింగ్ అంటారని, గడ్డో, చర్మం మీద సొట్టో, చనుమొన నుండి రక్తమో కనిపించిన వారు మాత్రం వయసుతో నిమిత్తం లేకుండా వెంటనే రావాలని, వారికి చేసే పరీక్షల క్రమం వేరుగా ఉంటుందని ఆవిడ వివరించారు. ఆ చీటీకి తగిన ఒక ఉదయం దొరకడానికి వసంతం రావలసి వచ్చింది.

అయితే వసంతం ఇంట్లో తీరికను తెచ్చే ఋతువేమీ కాదు. చలికాలపు దుప్పట్లనూ ఉన్నిబట్టలనూ ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టి అటక మీదికి చేర్చాలి. కిందటి ఏడాది దాచిన పల్చటి బట్టలను బయటికి తీస్తే చిన్నవాడికి ఒక్కటీ పట్టదు. అమ్మాయికి పరీక్షలు దగ్గర పడుతుంటాయి. గాలిలో పుప్పొడి పెరగగానే మావారు పొద్దున్న లేచింది మొదలు తుమ్ముతూనే ఉంటారు. పగలు పొడుగయ్యే కొద్దీ పిల్లలు ఆట మాని ఇంట్లోకి రావడం ఆలస్యమై, నిద్రపోయే వేళ కూడా వెనక్కి జరుగుతూ ఉంటుంది. వీటన్నిటికీ తోడు మామోగ్రామ్‌కు తనదైన షరతు ఒకటి ఉంది. నెలసరికి ముందు రోజుల్లో రొమ్ములు బరువెక్కి సలుపుతుంటాయి కనుక, నెలసరి అయిన తరువాతి వారంలో తీయించుకుంటే బాధ తక్కువగా ఉంటుంది. ఆ వారమూ, పరీక్షలు లేని రోజూ, మావారు పిల్లలను బడికి తీసుకువెళ్ళగల ఉదయమూ మూడూ కలిసే తేదీని వెతకడానికి పట్టిన సమయంతో పోలిస్తే పరీక్షకు పట్టిన సమయం చాలా స్వల్పం.

ఏ వయసులో మొదలుపెట్టాలన్న విషయంలో దేశాలన్నీ ఒక్క మాట మీద లేవు. అమెరికాలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే నిపుణుల బృందం 2024లో తన సూచనను సవరించి, 40 ఏళ్ళ నుండి 74 ఏళ్ళ వరకు రెండేళ్ళకొకసారి తీయించుకోవాలని చెప్పింది. బ్రిటన్‌లో 50 ఏళ్ళ ప్రాంతం నుండి 71 నిండే వరకు మూడేళ్ళకొకసారి పిలుస్తారు. ఇంత తేడా ఎందుకంటే, పరీక్షవల్ల ముందుగా బయటపడే క్యాన్సర్లు ఒకవైపూ, అనవసరమైన భయాలు, సూదితో ముక్క తీసే అనవసరమైన పరీక్షలు, ఎన్నటికీ ప్రాణం మీదికి రాని మార్పులకు కూడా చికిత్స చేయవలసి రావడం మరొకవైపూ పెట్టి తూచినప్పుడు, ఎంత లాభానికి ఎంత నష్టాన్ని ఒప్పుకోవచ్చునన్నది ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా నిర్ణయిస్తారు. నా మటుకు, ప్రపంచంలో 2022లో 23 లక్షల మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ ఉన్నట్లు తేలిందని, 6 లక్షల 70 వేల మంది దానితో మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్క చదివిన తరువాత, నలభైలోనే మొదలుపెట్టడం నాకు సబబుగా తోచింది. మరొకరు తమ డాక్టరుతో మాట్లాడి యాభై వరకు ఆగితే వారిది నిర్లక్ష్యమని నేను అనను.

తేదీ ఖరారైన తరువాత నింపమని పంపిన పత్రంలో నన్ను ఆపిన ప్రశ్న కుటుంబ చరిత్రకు సంబంధించినది. తల్లి, అక్కచెల్లెళ్ళు, అమ్మమ్మ, నాయనమ్మ, పిన్నులు, మేనత్తలు, వీరిలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ గాని అండాశయ క్యాన్సర్ గాని వచ్చిందా, వస్తే ఏ వయసులో అని అడిగారు. అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ తన వైపు వారి గురించి టకటకా చెప్పి, "మీ నాన్న వైపు సంగతి దీనికి ఎందుకే?" అంది. జన్యువులలో వచ్చే లోపం తల్లి నుండి ఎంతగా సంక్రమించవచ్చో తండ్రి నుండి కూడా అంతగానే సంక్రమించవచ్చునని చెప్పాను. కాసేపు ఆలోచించి, నాన్న మేనత్త ఒకావిడ నడివయసులోనే పోయిందని, ఏదో జబ్బు చేసిందన్నారే తప్ప ఏం జబ్బో ఎవరూ పైకి చెప్పుకోలేదని అంది. నాన్నను అడిగితే ఆయనకు అంతకన్నా తక్కువ తెలుసు. ఆ గడిలో "తెలియదు" అని రాయవలసి వచ్చింది. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చిన జన్యులోపం వల్ల కలిగేవి నూటికి అయిదు నుండి పది వరకే కనుక ఆ గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన మునిగిపోయేదేమీ లేదు. అలాగే, మా ఇంట ఎవరికీ లేదు కదా అని పరీక్ష మానుకోవడానికి కూడా అది ఆధారం కాదు. ఆ పత్రం పుణ్యమా అని నాన్న వైపు బంధువుల గురించి అమ్మానాన్నలు చాలాసేపు వాదించుకున్నారు, అది వేరే కథ.

ఆ ఉదయం స్నానం చేశాక పౌడరు గాని, చంకలకు వాసన పోగొట్టే మందు గాని, క్రీము గాని రాసుకోవద్దన్నారు. వాటిలో ఉండే అల్యూమినియం వంటి పదార్థాల రేణువులు ఎక్స్‌రేలో తెల్లటి చుక్కలుగా పడి, రొమ్ములో ఏర్పడే సూక్ష్మమైన సున్నపు రేణువులను పోలి ఉంటాయి. ఆ సున్నపు రేణువులు చాలామందిలో హానిలేనివే అయినా, ఒక్కొక్కచోట గుంపుగా కనిపించినప్పుడు తొలిదశ క్యాన్సర్‌కు సూచన కావచ్చు. అందువల్ల చిత్రాలను చదివే డాక్టరును, అంటే రేడియాలజిస్టును, తికమక పెట్టే పౌడరును ఆ పూటకు దూరంగా ఉంచడమే మంచిది. నడుము పైభాగం వరకే బట్టలు తీయవలసి ఉంటుంది కనుక పై వస్త్రమూ కింది వస్త్రమూ విడివిడిగా ఉండేటట్లు వేసుకోమని కూడా చెప్పారు. నేను తయారవుతుంటే అమ్మాయి వచ్చి, "అమ్మా, నీకు ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. బాగానే ఉందని, బాగా ఉన్నప్పుడే చేయించుకునే పరీక్ష అని చెప్పాను. నమ్మినట్లే కనిపించింది గాని, బడికి వెళ్ళేటప్పుడు మామూలుగా చేయని విధంగా వెనక్కి తిరిగి చూసింది.

గదిలో నిలువెత్తు యంత్రం ఒకటీ, ఒక టెక్నీషియనూ మాత్రమే ఉన్నారు. ముందు వైపు తెరుచుకునే గౌను ఇచ్చారు. ఒక్కొక్క రొమ్మును పైనుండి కిందికి ఒకసారి, పక్కనుండి ఏటవాలుగా మరొకసారి, మొత్తం నాలుగు చిత్రాలు తీశారు. ఏటవాలు చిత్రంలో చంక వైపు ఉండే కణజాలం కూడా పడాలి కనుక, భుజాన్ని సడలించి, చేతిని యంత్రం మీదుగా చాచి, మెడను పక్కకు తిప్పి నిలబడవలసి వచ్చింది. టెక్నీషియన్ ప్రతిసారీ ముట్టుకునే ముందు చెప్పి, రొమ్మును తన చేతులతోనే సర్ది, పైనున్న పారదర్శకమైన ప్లేటును మెల్లగా దించుతూ, "ఇప్పుడు బిగుస్తుంది, ఊపిరి బిగపట్టండి" అనేది. నొక్కుడు గట్టిగానే ఉంది. నాకు దానిని నొప్పి అనడం కన్నా, ఇక ఏమాత్రం ఎక్కువైనా నొప్పే అనిపించే ఒత్తిడి అనడం సరిపోతుంది. అదీ కొద్ది సెకన్లే, చిత్రం పడగానే ప్లేటు దానంతటదే పైకి లేచింది. బాధ భరించలేనివారు చెబితే ఆపుతారు, ఆ మాట ముందే చెప్పారు.

అంతగా నొక్కడం ఎందుకని అడిగితే ఆ టెక్నీషియన్ ఓపికగా జవాబు చెప్పింది. మందంగా ఉన్న రొమ్మును పల్చగా పరిస్తే ఒక పొర మీద మరొక పొర పడి ఏదో గడ్డ ఉన్నట్లు కనిపించే భ్రమ తగ్గుతుంది. నిజంగా ఉన్నది పొరల చాటున దాగదు. కదలిక లేక చిత్రం స్పష్టంగా వస్తుంది, రేడియేషన్ కూడా తక్కువ సరిపోతుంది. రెండు రొమ్ములకూ కలిపి తగిలే రేడియేషన్, మనం నేల నుండి, గాలి నుండి, ఆకాశం నుండి సహజంగా సుమారు ఏడు వారాల్లో పొందేటంత మాత్రమే. ఇంటికి వచ్చాక ఈ యంత్రం చరిత్ర కొంత చదివాను. 1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్, శస్త్రచికిత్సలో తొలగించిన రొమ్ములకు ఎక్స్‌రేలు తీసి అధ్యయనం చేశాడు. ఇలా నొక్కి తీస్తే చిత్రం మెరుగుపడుతుందని, సున్నపు రేణువులను గమనించాలని ఉరుగ్వే డాక్టరు రౌల్ లెబోర్న్య 1940ల చివరలో నొక్కిచెప్పాడు. ఆయన మాట పట్టుకునే ఇప్పటికీ మనలను నొక్కుతున్నారన్నమాట.

ఇంతకూ ఆ టెక్నీషియన్ చెప్పినవాటిలో నాకు అన్నిటికన్నా పనికివచ్చిన మాట చివరన వచ్చింది. "ఇది మీకు మొదటిసారి కదా, పోల్చి చూడడానికి పాత చిత్రం లేదు. మళ్ళీ రమ్మని ఫోన్ వస్తే కంగారు పడకండి" అంది. ప్రతి స్త్రీ రొమ్ముల అమరిక వేరు. ఒకరికి సహజంగా ఉండే మచ్చ మరొకరిలో అనుమానాస్పదం కావచ్చు. పాత చిత్రం పక్కన పెట్టుకుంటే, అయిదేళ్ళుగా మారకుండా ఉన్న మచ్చను రేడియాలజిస్టు చూసి వదిలేస్తారు, కొత్తగా పుట్టినదాన్ని పట్టుకుంటారు. మొదటిసారి ఆ వీలు లేదు కనుక, వెనక్కి పిలవడం మొదటి మామోగ్రామ్ తరువాతనే ఎక్కువగా జరుగుతుంది. అమెరికాలో స్క్రీనింగ్‌కు వెళ్ళిన ప్రతి వందమందిలో సుమారు పదిమందిని మళ్ళీ పిలుస్తారని, అలా పిలిచిన పదిమందిలో ఒకరి కన్నా తక్కువ మందికే క్యాన్సర్ ఉన్నట్లు తేలుతుందని అక్కడి లెక్కలు చెబుతున్నాయి.

ఆమె చెప్పినట్లే ఫోన్ వచ్చింది. వచ్చినప్పుడు నేను చిన్నవాడి బూట్లకు అంటిన బురద గీకుతున్నాను. ఎడమ రొమ్ములో ఒకచోట స్పష్టత లేదని, మరికొన్ని చిత్రాలు, అల్ట్రాసౌండ్ తీయాలని చెప్పారు. రిపోర్టు మీద బైరాడ్స్ సున్నా అని ఉంది. మామోగ్రామ్ ఫలితాన్ని అంకెలలో చెప్పే పద్ధతి పేరు బైరాడ్స్. ఈ అంకెల వరుస సున్నా నుండి ఆరు వరకు సాగుతుంది. ఒకటి అంటే చెప్పుకోదగ్గదేమీ లేదని, రెండు అంటే కనిపించినది హానిలేనిదని, మూడు అంటే దాదాపు ఖాయంగా హానిలేనిదే అయినా ఆరునెలలకు మళ్ళీ చూడాలని, నాలుగు, అయిదు అంటే సూదితో ముక్క తీసి పరీక్షించాలని, ఆరు అంటే క్యాన్సర్ అని ముందే రుజువైనదని అర్థం. సున్నా మాత్రం ఇంకా తీర్పు ఇవ్వలేదని చెప్పడమే. ఈ సంగతి ముందే తెలిసి ఉండడంవల్ల నాకు భయం వేయలేదని చెప్పను. వేసింది, అయితే ఆ భయానికి ఒక హద్దు ఉండింది. మావారు మాత్రం రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ రిపోర్టును అన్ని వైపులా తిప్పి చదివి, తుమ్ముల మధ్య, "రెండోసారి నేనూ వస్తాను" అన్నారు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆ ఒక్క భాగాన్నే చిన్న ప్లేటుతో నొక్కి చిత్రం తీశారు, తరువాత అల్ట్రాసౌండ్ చేశారు. తెర మీద నల్లగా, గుండ్రంగా, అంచులు నునుపుగా కనిపించిన దానిని రేడియాలజిస్టు చూపించి, అది నీటి తిత్తి అని, ఈ వయసులో చాలామందికి ఉంటుందని, దానిని ఏమీ చేయనక్కరలేదని చెప్పారు. సున్నా కాస్తా రెండు అయింది.

రిపోర్టులో మరొక మాట కూడా ఉంది, అది నా దృష్టిలో తిత్తి కన్నా ముఖ్యమైనది. నా రొమ్ముల సాంద్రత నాలుగు తరగతులలో మూడవది. కొవ్వు ఎక్స్‌రేలో నల్లగా పడుతుంది, పాలగ్రంథులూ వాటిని పట్టి ఉంచే కణజాలమూ తెల్లగా పడతాయి, గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. సాంద్రత ఎక్కువైన రొమ్ములో గడ్డను వెతకడం తెల్లటి గుడ్డ మీద తెల్లటి దారపు పోగును వెతకడం వంటిది. నలభై దాటిన స్త్రీలలో దాదాపు సగం మంది నావంటివారే, కనుక ఇది జబ్బు కాదు. అయితే సాంద్రత ఎక్కువగా ఉంటే క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది, చిత్రంలో అది దొరక్కపోయే అవకాశమూ పెరుగుతుంది. చేత్తో తడిమితే రొమ్ము మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నదానితో దీనిని తెలుసుకోలేము. చిత్రమే చెప్పాలి. అమెరికాలో 2024 సెప్టెంబరు నుండి ఈ విషయాన్ని ప్రతి స్త్రీకీ రాతపూర్వకంగా తెలియజేయడం తప్పనిసరి చేశారు. మా డాక్టరుగారు వచ్చేసారి, వీలైతే, యంత్రం విల్లులాగా తిరుగుతూ పొరపొరగా చిత్రాలు తీసే త్రీడీ పద్ధతిలో చేయించుకోమన్నారు. మామోగ్రామ్ బాగుందన్న ధీమాతో మధ్యలో కనిపించే మార్పును ఉపేక్షించవద్దని, స్క్రీనింగ్‌లో దొరకని క్యాన్సర్లు కూడా ఉంటాయని ఒకటికి రెండుసార్లు చెప్పారు.

అమ్మాయికి ఫలితం చెప్పాను. తనకు కూడా ఇది చేస్తారా అని అడిగితే, చిన్న వయసులో కణజాలమంతా దట్టంగా ఉండి ఎక్స్‌రేలో ఏమీ తేలదు కనుక ఇప్పుడు చేయరని, పెద్దయ్యాక తన డాక్టరు చెప్పినప్పుడు చేయించుకోవాలని, అప్పుడు నింపే పత్రంలో రాయడానికి మా ఇంటి వివరాలు ఒక కాగితం మీద రాసి పెడతానని చెప్పాను. అందులో నాన్న మేనత్తగారి గడి ఇంకా ఖాళీగానే ఉంది, నాన్న తన పెద్దన్నయ్యను అడుగుతున్నారు.

నా చిత్రాల నకలు డిస్కులో అడిగి తెచ్చుకున్నాను. వచ్చే ఏడాది మరొకచోట తీయించుకోవలసి వస్తే, ఇది చేతిలో లేకపోతే మళ్ళీ మొదటి మామోగ్రామ్ అయినట్లే. ఈ సంగతి మా అక్కకు చెబితే, ఊళ్ళు మారినప్పుడల్లా కొత్తచోట తీయించుకున్నానని, పాతవాటిని ఎన్నడూ తీసుకువెళ్ళలేదని, రెండుసార్లు వెనక్కి పిలిచారని అంది. ఫోన్ పెట్టేసి వెంటనే పాత కేంద్రానికి ఫోన్ చేసిందట. చిత్రాలు ఇంకా ఉన్నాయని, గుర్తింపు కార్డు తెచ్చి సంతకం పెట్టి తీసుకువెళ్ళవచ్చునని వారు చెప్పారట.