కారులో నీళ్లు, పైన వాన లేదు

కాకినాడ ఉక్కపోతలో ఏసీ గట్టిగా పెట్టుకుని వస్తుంటే, ముందు సీట్లో అమ్మ కాళ్ల కింద మ్యాట్ తడిసి ముద్దయింది. వేలితో తాకి చూశాను. జిగట లేదు, వాసన లేదు. అదే జిగురుగా, తియ్యటి వాసనతో ఉంటే ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ అని అనుమానించాలి, అది పెద్ద పని. ఇవి ఏసీ నీళ్లే.

ఒక షాపులో డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలన్నారు. టెన్షన్ వచ్చింది. మా వీధి చివర మెకానిక్ బాబాయ్ మాత్రం ముందు బండి కిందకి దూరి చూశాడు. "ఏసీ వేస్తే కింద చుక్కలు పడాలి కదమ్మా, పడట్లేదు" అన్నాడు. లోపల చల్లటి కాయిల్ మీద గాల్లోని తేమ నీరవుతుంది. ఆ నీరు సన్నటి డ్రెయిన్ పైపులోంచి బయటికి పోవాలి. అది మూసుకుపోతే క్యాబిన్‌లోకే వస్తుంది.

మెత్తటి వైరు నెమ్మదిగా పెట్టి కదిపాడు. ముందు నల్లటి బురద, కుళ్లిన ఆకు ముక్క, ఆ వెంటనే బుడబుడమని నీళ్లు! గాలి గట్టిగా కొడితే లోపల పైపు ఊడొచ్చు, అందుకే కొట్టలేదట.

మీ బండిలోనూ ఇలా అయితే మ్యాట్ ఒక్కటే ఆరబెట్టి ఊరుకోకండి. కార్పెట్ కింద ఫోమ్ కూడా పూర్తిగా ఆరాలి, లేకపోతే బూజు వాసన పట్టేస్తుంది.