థాయ్‌లాండ్ డైలు, ఆటోనగర్ ప్రెస్సు: పీప్యాప్ అనే అనుమతి పరీక్ష గట్టెక్కిన నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌కి సెకండ్ హ్యాండ్ పికప్ చూసుకోవడానికి వచ్చేవాళ్లు ముందు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడుగుతారు. ఆ వెంటనే "ఇది ఎక్కడ తయారైంది?" అంటారు. థాయ్‌లాండ్ బండి గట్టిదని, అదే బండి ఇక్కడ బిగిస్తే ఏదో తగ్గుతుందని ఒక నమ్మకం. మెకానిక్‌లు కూడా చాలామంది ఇదే మాట చెబుతారు. రేకుని అచ్చులతో నొక్కి బండి భాగాలు చేసే మా మావయ్య ప్రెస్ షాపులో నేను క్వాలిటీ చూస్తాను. థాయ్‌లాండ్‌లో తయారవుతున్న ఒక పికప్ భాగాన్ని ఇక్కడికి మార్చే పని మా చేతికి వచ్చినప్పుడు ఆ నమ్మకంలో నిజమెంతో దగ్గర నుంచి చూశాను. కొంత నిజం ఉంది. అయితే జనం వేలు పెట్టి చూపించే చోట కాదు.

ఛాసిస్ నంబర్ చూసి తేల్చేస్తామనేవాళ్లు ఉంటారు. ఆ 17 అంకెలు, అక్షరాల నంబరు ఎంఏ నుంచి ఎంఈ లోపు మొదలైతే మన దేశం, ఎంఎల్ నుంచి ఎంఆర్ లోపు అయితే థాయ్‌లాండ్. అంతవరకూ సరే. పెట్టెల్లో విడిభాగాలుగా దిగి ఇక్కడ బిగించిన బండికి కూడా ఇక్కడి నంబరే పడుతుంది. లోపలి భాగాల్లో ఏది ఏ దేశానిదో ఆ నంబరు చెప్పదు. ఇసుజు పికప్‌లు మొదట తమిళనాడులోని తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ ప్లాంటులో బిగించేవారు, 2016 నుంచి మన శ్రీసిటీలో తయారవుతున్నాయి. 2022లో వచ్చిన టొయోటా హైలక్స్‌ని కర్ణాటకలోని బిడదిలో బిగిస్తున్నారు. ఇంతకీ జపాన్‌లోనే హైలక్స్ కొనేవాడికి 2017 నుంచి దక్కుతున్నది థాయ్‌లాండ్ నుంచి దిగుమతైన బండి. మన దగ్గర మాత్రం "జపాన్ బండి" అని గర్వంగా చెప్పుకుంటాం.

మాకు పని ఇచ్చింది చెన్నై వైపున్న ఒక పెద్ద సప్లయర్. పేరు వద్దు. ఏ పికప్ అన్నది కూడా వద్దు. భాగం మాత్రం చాలా చిన్నది, హ్యాండ్ బ్రేక్ కేబుల్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్. అరచేతిలో ఇమిడిపోతుంది. ఒక వంపు, రెండు రంధ్రాలు. ఆటోనగర్‌లో ఎవరికి చూపించినా సాయంత్రానికి చేసిస్తామంటారు. చేసి ఇవ్వడం వేరు, ఒప్పించడం వేరు. అచ్చులు (డైలు) ఒక ప్లాంటు నుంచి ఇంకో ప్లాంటుకి మారితే, పాత భాగమే అయినా సరే, పీప్యాప్, అంటే భాగాన్ని సరిగ్గా చేయగలమని కస్టమర్‌కి రుజువు చూపి అనుమతి తెచ్చుకునే పని, మళ్లీ మొదటి నుంచి చేయాలి. అందులో 18 అంశాలు: డ్రాయింగ్, తయారీ వరుస, ఎక్కడ ఏ తప్పు జరగవచ్చన్న విశ్లేషణ, కంట్రోల్ ప్లాన్, కొలత పరికరాల పరీక్ష, మెటీరియల్ రిపోర్టులు, చివర్లో అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టే హామీ పత్రం, వారంట్. మావయ్య ఆ ఫైలు చేత్తో ఎత్తి చూసి, "బ్రాకెట్ కంటే కాగితాల బరువే ఎక్కువుంది కదరా" అన్నాడు.

థాయ్‌లాండ్ నుంచి డైలు చెక్క పెట్టెల్లో, గ్రీజు పూసి, చక్కగా వచ్చాయి. వాటితో పాటు ముక్కని పెట్టి కొలత సరిపోయిందో లేదో చూసే చెకింగ్ ఫిక్స్చర్, డ్రాయింగులు, ప్రాసెస్ షీట్లు. ఏదీ తక్కువ లేదు. ప్రెస్సు మీద ఎక్కించి కొట్టాం. వంపు తక్కువగా వచ్చింది, రెండో రంధ్రం ఫిక్స్చర్ పిన్నుకి అందలేదు. రేకుని వంచి వదిలితే కొంచెం వెనక్కి లేవడం మామూలే, డై చేసేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకునే చేస్తారు. మరి అక్కడ ఏళ్ల తరబడి సరిగ్గా వచ్చింది ఇక్కడెందుకు రావడం లేదు? చెన్నై వాళ్ల అనుమానం వెంటనే మా ప్రెస్సు మీదకి పోయింది. పాత ప్రెస్సు, పైకీ కిందికీ కదిలే స్లైడ్‌కి ఆట (వదులు) ఎక్కువ ఉంటుందన్నారు. వాళ్ల ముందే డయల్ పెట్టి కొలిచి చూపించాం, ఆట పరిమితిలోనే ఉంది.

కిటుకు పట్టింది మా ప్రెస్ మేస్త్రి గారు. ఆయన చదివింది ఏడో తరగతి. డైని విప్పించి, కింది బ్లాకుని తిరగేసి, వెలుతురుకి పెట్టి చూశారు. అడుగున ఒక మూల మాత్రం నునుపుగా మెరుస్తోంది. "బాబూ, దీని కింద ఇంతకుముందు ఏదో పెట్టేవాళ్లు. తీసేసి పంపారు" అన్నారు. థాయ్‌లాండ్ ఇంజినీరుతో వీడియో కాల్‌లో ఆ మూల చూపించి అడిగితే, ఆయన తన షాపులో వాళ్లని కనుక్కుని వచ్చి నవ్వాడు. ఎప్పుడో అక్కడి ఆపరేటరు వంపు తక్కువ పడుతోందని బ్లాకు కింద ఎత్తు సరిచేయడానికి షిమ్ అనే పలచటి ముక్క పెట్టాడట. భాగం బాగా వస్తోంది కాబట్టి ఎవరూ ప్రశ్నించలేదు. ఆ మార్పు డై డ్రాయింగ్‌లోకి ఎక్కలేదు. డైలు ప్యాక్ చేసేటప్పుడు డ్రాయింగ్‌లో లేని ముక్క కాబట్టి తీసి పక్కన పడేశారు.

దేశం మారినప్పుడు నాణ్యత జారిపోయేది నా ఉద్దేశంలో ఇలాంటి చోటే. కాగితం మీద ఉన్నదంతా కంటైనర్‌లో వస్తుంది. పనివాడి చేతిలో ఉన్నది రాదు, ఎందుకంటే అది ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. మా వాడి చేయి తక్కువదని కాదు, అక్కడివాడి చేయి ఎక్కువదనీ కాదు.

షిమ్ పెట్టాక సగటు కొలత దారిలో పడింది. కానీ పీప్యాప్‌లో సగటు ఒక్కటే చాలదు. నిజమైన ఉత్పత్తి వేగంతో వరుసగా కనీసం 300 ముక్కలు తీయాలి, వాటిలో కొలత ఎంత చెదురుతోందో చూడాలి. సీపీకే అనే ఆ లెక్క 1.67 దాటితే సంతోషం. 1.33 నుంచి 1.67 మధ్య ఉంటే కస్టమర్ దయ. 1.33 కంటే తగ్గితే కుదరదు. మాకు ఒక కాయిల్‌తో (రేకు చుట్టతో) బాగా వచ్చింది, కాయిల్ మారగానే పడిపోయింది. స్టీలు గ్రేడు జపాన్ ప్రమాణంలో ఎస్ఏపీహెచ్ 440. ఆ 440 అంటే తన్యత బలం (లాగితే తెగకుండా తట్టుకునే బలం) కనీసం అన్ని మెగాపాస్కల్‌లు ఉండాలని. "కనీసం" దగ్గరే ఉంది చిక్కంతా. అంతకంటే బాగా గట్టిగా ఉన్న రేకు కూడా సర్టిఫికెట్ ప్రకారం పాసే, వంచినప్పుడు మాత్రం ఎక్కువ వెనక్కి లేస్తుంది. థాయ్‌లాండ్‌లో వాళ్లు ఎప్పుడూ ఒకే మిల్లు స్టీలు వాడేవారు, కాబట్టి కాయిల్‌కీ కాయిల్‌కీ పెద్ద తేడా ఉండేది కాదు. మాకు చెన్నై సప్లయర్ కొనుగోలు విభాగం ఎక్కడ చౌకగా దొరికితే అక్కడి నుంచి పంపింది. ఏ మిల్లు స్టీలైనా స్పెక్ లోపలే. చివరికి ఒకే మిల్లు అని రాయించుకున్నాం. ప్రతి కాయిల్ మొదలుపెట్టేముందు కొన్ని ముక్కలు వంచి చూసి సెట్టింగ్ సరిచేయాలన్న నియమం కంట్రోల్ ప్లాన్‌లో పెట్టాం.

అసలు గొడవ అయింది తుప్పు పరీక్ష దగ్గర. ఉప్పునీటి పొగమంచులో ముక్కల్ని ఉంచి చూస్తారు, 5 శాతం ఉప్పు ద్రావణం, 35 డిగ్రీల వేడి. థాయ్‌లాండ్ ముక్క నిలబడింది. మాది అంచుల దగ్గర ఎర్రబారింది. పెయింటు చెన్నై దగ్గర జాబ్ వర్క్‌లోనే వేయించాం, పొర మందం సరిగ్గానే ఉంది. తేడా ఎక్కడంటే, రేకు కోసిన చోట మిగిలే గరుకు అంచు, అంటే బర్, తీయడానికి వాళ్లు ముక్కల్ని రాళ్లతో కలిపి డ్రమ్ములో తిప్పేవారు. బర్ ఉన్న పదునైన అంచు మీద పెయింటు కాలేటప్పుడు పక్కకి జారి పలచబడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ డ్రమ్ము పని మా కొటేషన్‌లో మొదట ఉంది. ముక్కకి కొన్ని పైసలు తగ్గించాలని దాన్ని తీసేయించినది కొనుగోలు విభాగమే. ఈమెయిల్ మా దగ్గరుంది కాబట్టి మాట నిలబడింది.

ఇదేదో చాదస్తం అనుకునేవాళ్లు ఒకసారి కైకలూరు, భీమవరం వైపు చేపలు, రొయ్యలు తోలే పికప్‌ల కింద దూరి చూడాలి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు రాత్రంతా ఛాసిస్ మీద కారుతూనే ఉంటాయి. ఆటోనగర్‌కి ప్యాచ్ వెల్డింగ్‌కి వచ్చే వాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలో జరిగింది. 1995 నుంచి 2000 వరకు వచ్చిన టొయోటా టకోమా పికప్‌ల ఫ్రేములను తుప్పు తినేస్తోందని తేలితే, 2008లో కంపెనీ వాటి తుప్పు వారంటీని 15 ఏళ్లకు పెంచింది, బాగా పాడైన బండ్లను తిరిగి కొంది. ఫ్రేములకు తుప్పు నిరోధక పూత సరిపడా లేకపోయి ఉండవచ్చని అప్పట్లో చెప్పింది. ఆ ఫ్రేములు చేసింది బయటి సప్లయర్. ఆ టకోమాలు బిగించిన ఫ్రీమాంట్ ప్లాంటు కథ వింటే ఇంకో కోణం కనిపిస్తుంది. జనరల్ మోటార్స్ నాణ్యత లేదని చెడ్డపేరు తెచ్చుకుని 1982లో మూసేసిన ప్లాంటు అది. 1984లో టొయోటాతో కలిసి మళ్లీ తెరిచినప్పుడు పనివాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లే, అయినా వాళ్లు చేసిన కార్లకి మంచి పేరొచ్చింది. పనివాళ్లు మారకుండానే పద్ధతి మారితే బండి మారింది. అలాంటి చోట బిగించిన పికప్‌నీ బయటి నుంచి వచ్చిన ఫ్రేము దెబ్బతీసింది.

డ్రమ్ము పని తిరిగి చేర్చి, కొత్త ముక్కలు పరీక్షకి పంపాం. ముందు మధ్యంతర అనుమతి వచ్చింది, అంటే గడువు పెట్టి, పరిమిత సంఖ్యలో పంపుకోమని. తుప్పు రిపోర్టు వచ్చాక పూర్తి అనుమతి. షిమ్ ఇప్పుడు డై డ్రాయింగ్‌లో ఉంది, మందంతో సహా. రాయించింది మేస్త్రి గారే, ఆయన దగ్గరుండి మరీ.

ఈ మధ్య చెన్నై నుంచి మళ్లీ మెయిల్ వచ్చింది, వచ్చే ఏడాదికి రేటు తగ్గించమని. బర్ తీయడం జోలికి, మిల్లు మార్చడం జోలికి వెళ్లకుండా స్క్రాప్‌లో, ప్యాకింగ్‌లో ఎంత మిగులుతుందో మావయ్య లెక్క వేస్తున్నాడు. అలా మిగలకపోతే ఆర్డరు వదులుకుంటానంటున్నాడు. నాకైతే అంత దాకా పోదనిపిస్తోంది, ఎందుకంటే ఇంకో షాపుకి మార్చాలంటే వాళ్లు పీప్యాప్ మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాలి.