బూడిద ఇటుకల కోసం ఢిల్లీకి అభ్యంతరాలు పంపాం

మాది కోస్తాలో చిన్న ఫ్లై యాష్ ఇటుకల యూనిట్. థర్మల్ ప్లాంట్ల బూడిద, క్రషర్ డస్ట్ (కంకర కొట్టగా వచ్చే రాతిపొడి), సిమెంటు కలిపి ప్రెస్‌లో కొట్టి, రోజూ నీళ్లు పెట్టి గట్టిపడ్డాక అమ్ముతాం. మిశ్రమంలో సగానికి పైగా బూడిదే. దాని రేటు కాస్త పెరిగినా మిగిలేది ఏమీ ఉండదు. 2021 ఏప్రిల్ 22న కేంద్ర పర్యావరణ శాఖ బూడిద వినియోగంపై కొత్త నోటిఫికేషన్ ముసాయిదా ఇచ్చిందనగానే మా సంఘంలో అందరికీ టెన్షన్ పట్టుకుంది.

పొడి బూడిదలో కనీసం 20 శాతం ఇటుకలు, బ్లాకులు, టైల్స్ చేసేవాళ్లకు ప్రాధాన్యంగా ఇవ్వాలని పాత నోటిఫికేషన్‌కు 2009లో చేసిన సవరణలో ఉండేది. సిమెంటు కంపెనీలతో పోటీపడి కొనలేని మాకు అప్పట్లో అదే ఆధారం. ముసాయిదా ఎంత వెతికినా ఆ 20 శాతం మాకు కనిపించలేదు.

అభ్యంతరాలకు గడువు 60 రోజులు. అప్పుడు కరోనా సెకండ్ వేవ్. కూర్చుని మాట్లాడుకునే వీల్లేదు, అంతా ఫోన్లలోనే. మా పెద్దాయన ఒకరు రాసిన వినతిపత్రం నిండా కష్టాలే. సంఘం ఆడిటర్ గారు అది చదివి, "బాధ రాస్తే జాలిపడతారండీ. ఏ పేరాలో ఏ వాక్యం మార్చాలో రాస్తేనే ఫైలు కదులుతుంది" అన్నారు.

ఆయన చెప్పినట్టే పట్టిక వేశాం. మొదటి గడిలో ముసాయిదా పేరా నంబరు. పక్కన దానివల్ల మాకొచ్చే నష్టం. ఆ పక్కన మేం కోరే వాక్యం, గెజిట్‌లో ఎలా ఉండాలో అలాగే. నష్టం గడి నింపడమే కష్టమైంది. బూడిద బిల్లులు, బల్కర్ (బూడిద తెచ్చే ట్యాంకర్ లారీ) కిరాయి, కూలి విడివిడిగా కావాలి. లెక్కలు బయటపెట్టడానికి కొందరు జంకారు. యూనిట్ల పేర్లు లేకుండా సగటు మాత్రమే వేస్తామన్నాక ఇచ్చారు.

మా వాదన కేవలం వ్యాపారం గురించి కాదు. 1999లో మొదటి నోటిఫికేషన్ తెచ్చిన కారణాల్లో ఒకటి, ఎర్ర ఇటుకల కోసం పొలాల పైమట్టి తవ్వడాన్ని తగ్గించడం. బూడిద ఇటుక ఖరీదైతే మేస్త్రీ మళ్లీ మట్టి ఇటుకకే వెళ్తాడు. ఇది నేను కళ్లారా చూస్తున్న సంగతి, అందుకే మొదటి పేజీలోనే పెట్టమని పట్టుబట్టాను. ఈమెయిల్‌తో పాటు ఢిల్లీ జోర్‌బాగ్‌లోని ఇందిరా పర్యావరణ్ భవన్‌కు స్పీడ్ పోస్టులో కూడా పంపి, రసీదు దాచాం.

ఆ సెప్టెంబరులో బూడిదను బిడ్డింగ్ (వేలం) ద్వారా ఇవ్వాలని కేంద్ర విద్యుత్ శాఖ ప్లాంట్లకు సూచించింది. డిసెంబర్ 31న తుది నోటిఫికేషన్ వచ్చింది. మా 20 శాతం లేదు. చాలా బాధనిపించింది. కాకపోతే ప్లాంటుకు 300 కిలోమీటర్ల లోపు నిర్మాణ సంస్థలు, ధర ఎక్కువ కానప్పుడు, బూడిద ఉత్పత్తులే వాడాలన్నారు. వాడకుండా మిగిల్చిన బూడిదకు ప్లాంటు టన్నుకు 1000 రూపాయల పరిహారం కట్టాలన్నారు. బూడిద వదిలించుకోవాల్సిన ఒత్తిడి ప్లాంట్లపై పెరిగింది కాబట్టి మేం అడగడానికి ఇంకా దారి ఉంది.

అదే పట్టికను మార్చి విద్యుత్ శాఖకు పంపాం. వేలంలో చిన్న యూనిట్లకు విడిగా చిన్న లాట్లు పెట్టాలి, ధరావతు (వేలానికి ముందు కట్టే డిపాజిట్) తగ్గించాలి అన్నవే ముఖ్యమైన కోరికలు. ఈసారి పక్క జిల్లాల యూనిట్లవాళ్లు కూడా సంతకాలు పెట్టారు.