రోమ్‌లో నాలుగు రాత్రులు, అత్తయ్యగారి మోకాళ్లు, ఏడు మెట్లు

మేముండేది మ్యూనిక్‌లో. పోయిన ఏప్రిల్‌లో మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి మూడు నెలలు మాతో ఉన్నారు. ఉన్నది షెంగెన్ వీసానే, యూరప్‌లో చాలా దేశాలకి అదే చెల్లుతుంది కాబట్టి ఇంకో ఊరు ఏదైనా చూపిద్దామనుకున్నాం. రోమ్ అయితే విమానంలో గంటన్నరేగా అని మావారు ఒక రాత్రి కూర్చుని అయిదుగురికీ టికెట్లు కొనేశారు. దాంతో ఆయన వంతు పని అయిపోయింది. ఉండే చోటు వెతకడం నా నెత్తిన పడింది. నాలుగు రాత్రులే కదా, గంటలో తేలిపోతుందనుకున్నాను. తొమ్మిది రోజులు పట్టింది.

ముందు ట్రాస్టెవెరె అనే పాత పేటలో ఒక అపార్ట్‌మెంటు చూశాను. గోడల మీద తీగలు, కిటికీ కింద పూలకుండీలు, మనకంటే ముందు ఉన్నవాళ్లంతా ఆహా ఓహో అని రాశారు. సరే అని బుక్ చేసేశాను. పడుకున్నాక అనుమానం వచ్చింది, లిఫ్ట్ ఫోటో ఎక్కడా కనపడలేదేంటని. పొద్దున్నే ఓనరుకి మెసేజ్ పెడితే మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్లు చాలా అందంగా ఉంటాయి అని జవాబు. అందంగా ఉంటే ఉండనీ, మా అత్తయ్యగారి మోకాళ్లకి ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరు చెప్పి నాలుగేళ్లయింది, ఆవిడ ఇంకా ఆలోచిస్తున్నారు. పైగా ఆ పేటకి మెట్రో లేదు, ఎనిమిదో నంబరు ట్రామ్ ఎక్కి ఊరి నడిబొడ్డున ఉన్న పియాజ్జా వెనీజియా చౌకు దాకా వచ్చి అక్కణ్ణించి నడవాలి. రాత్రి ఒంటిగంట దాకా వీధంతా బార్ల సందడి. ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే గడువు ఇంకా ఉంది కాబట్టి బతికిపోయాను. అప్పట్నుంచి ఒక్కటే నియమం పెట్టుకున్నాను, పదిహేను యూరోలు ఎక్కువైనా సరే క్యాన్సిల్ చేసుకోవడానికి వీలున్నదే బుక్ చేయాలని.

తర్వాత హోటళ్ల మీద పడ్డాను. అక్కడ గొడవ వేరు. గదికి ఇద్దరు, మహా అయితే మంచం వేసి ముగ్గురు. అయిదుగురికి రెండు గదులు తీసుకోవాలి, అవి పక్కపక్కనే ఇస్తారా అంటే ప్రయత్నిస్తాం అంటారు గానీ ఇస్తాం అనరు. మా నాలుగేళ్లదానికి అర్ధరాత్రి లేచి నాయనమ్మ దగ్గరికి వెళ్లే అలవాటుంది, మూడో అంతస్తు నుంచి అయిదో అంతస్తుకి ఎలా పంపను! ఇంకొకటి, అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. హోటల్లో పొద్దున్న ఇచ్చేది తియ్యటి బన్ను, కాఫీ. ఒకరోజంటే సరదా, నాలుగు రోజులంటే ఆవిడ పైకి ఏమీ అనరు, తినడం మానేస్తారు. అంటే వంటగది కావాలి, అంటే అపార్ట్‌మెంటే.

ఏ పేటలో అన్నది మిగిలింది. ప్రాతీ బాగా నచ్చింది. వాటికన్‌కి దగ్గర, వెడల్పు రోడ్లు, 1870 తర్వాత కట్టిన పేట కాబట్టి భవనాలు పెద్దవి, చాలావాటికి లిఫ్టులుంటాయి. కానీ మాకు సరిపోయే రేటులో ఏదీ దొరకలేదు. మోంతీ అయితే రోమన్ల నాటి రాతి స్టేడియం కొలోసియం పక్కనే, చూడముచ్చటగా ఉంటుంది, కానీ అంతా ఎత్తుపల్లాలు. చివరికి ఊరి పెద్ద రైల్వే స్టేషన్ తెర్మినీ వెనకున్న ఎస్కిలినో పేటలో, పియాజ్జా విత్తోరియో అనే చౌకు దగ్గర తేలాం. స్టేషన్ పక్క అనగానే మావారి స్నేహితుడొకాయన అక్కడొద్దు, మురికిగా ఉంటుంది అన్నాడు. నిజమే, స్టేషన్ ఆనుకుని ఉన్న వీధులు రాత్రిపూట నాకూ నచ్చలేదు. కానీ పది నిమిషాలు ఇవతలికొస్తే స్తంభాల వరండాలతో పాత చౌకు, మధ్యలో పెద్ద తోట, పిల్లలు పరుగెత్తడానికి చోటు, కిందే మెట్రో ‘A’ లైను. అన్నిటికంటే ముఖ్యం అక్కడి మార్కెట్. దాని సంగతి తర్వాత.

ఈసారి లిఫ్ట్ ఉందా అని అడగలేదు. వీధి గుమ్మం దగ్గర్నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లున్నాయి, లెక్కపెట్టి చెప్పండి అని అడిగాను. నలుగురిని అడిగితే ఇద్దరు జవాబే ఇవ్వలేదు, ఒకామె తక్కువే అంది, ఒకాయన మాత్రం మర్నాడు వీడియో తీసి పంపాడు. గుమ్మం దాటాక ఏడు మెట్లు, ఆ తర్వాత లిఫ్ట్. ఏడు మెట్లకి ఇనప కడ్డీ కూడా ఉంది. ఆయనకే డబ్బులు కట్టాను. నాలుగు రాత్రులకి 780 యూరోలు. ఊరి పన్ను వేరే, పెద్దవాళ్లకి తలకి రాత్రికి 6 యూరోలు, పదేళ్ల లోపు పిల్లలకి లేదు. ముగ్గురికి కలిపి 72 యూరోలు అక్కడికెళ్లాక ఇవ్వాలి. ఇది బుకింగ్ ధరలో కనపడదు, రెండిటిని పోల్చేటప్పుడు కలుపుకుని చూడాలి. పాస్‌పోర్టుల వివరాలు కూడా అడిగాడు, అక్కడ ఎవరు దిగినా పోలీసులకి తెలియజేయాలి, అది చట్టం. పోలీసులకా, మనమేం చేశాం అని అత్తయ్యగారు కంగారుపడ్డారు.

ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి తెర్మినీకి నేరుగా రైలుంది, 32 నిమిషాలు. పిల్లలకి టికెట్ లేకుండా ముగ్గురికి 42 యూరోలయింది. దిగాక నల్లరాళ్లు పరిచిన వీధుల్లో సూట్‌కేసు చక్రాలు చేసిన మోతకి ఊరంతా మమ్మల్నే చూస్తున్నట్టనిపించింది. ఇంటికెళ్తే అన్నీ వీడియోలో చూపించినట్టే ఉన్నాయి, లిఫ్ట్ తప్ప. లిఫ్ట్ ఉంది, కానీ మన బీరువా అంత. ఇద్దరు మనుషులు లేదా ఒక మనిషీ ఒక పెట్టె. అత్తయ్యగారు, మా పాప ముందు ఎక్కారు, మిగతావన్నీ విడతలవారీగా.

స్నానాల గదిలో కమోడ్ పక్కన ఇంకో చిన్న తొట్టి, దానికో కుళాయి. బిడే అంటారు. 1975 నుంచి ఇటలీలో ప్రతి ఇంట్లో ఇది ఉండాలని నిబంధన ఉందట. మా ఎనిమిదేళ్లవాడు కాళ్లు కడుక్కునేదనుకున్నాడు. దొడ్డికెళ్లాక కడుక్కోవడానికని చెప్పగానే అత్తయ్యగారి ముఖం వెలిగిపోయింది. మ్యూనిక్‌లో మా ఇంట్లో రెండు వారాలుగా మగ్గుతో తిప్పలు పడుతున్న మనిషి, "వీళ్లు మనవాళ్లేనే" అన్నారు.

ఆ రాత్రే అసలు తమాషా. నాతో తెచ్చిన చిన్న రైస్ కుక్కర్ పెట్టాను, పక్కన ఎలక్ట్రిక్ స్టవ్ మీద పప్పు, మావారు వాషింగ్ మెషీన్ వేశారు, బాత్రూములో గీజర్ నడుస్తోంది. టప్‌మని ఇల్లంతా చీకటి. చీకట్లోంచి అత్తయ్యగారి గొంతు, "ఇక్కడ కూడా కరెంటు పోతుందా అమ్మాయ్!" ఓనరుకి ఫోన్ చేస్తే, ఇటలీలో మామూలు ఇళ్లకి 3 కిలోవాట్లే ఇస్తారు, అన్నీ ఒక్కసారి వేయకండి, కింద మీటర్ల గదిలో స్విచ్ పైకెత్తండి అన్నాడు. మావారు ఫోన్ టార్చి పట్టుకుని దిగి, ఇటాలియన్‌లో రాసున్న ఇరవై మీటర్లలో మాదేదో వెతికి పైకొచ్చేసరికి పప్పు చల్లారిపోయింది. గీజర్ కూడా చిన్న తొట్టి రకం, మూడో మనిషికి నీళ్లు చల్లబడతాయి. నాలుగు రోజులూ మూడో మనిషి ఆయనే.

మర్నాడు పొద్దున్న మార్కెట్‌కి తీసుకెళ్లాను. ఎస్కిలినో మార్కెట్‌లో బంగ్లాదేశ్ వాళ్ల కొట్లు బోలెడు. బెండకాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర కట్టలు, అల్లం. అత్తయ్యగారు ఒక బెండకాయ తీసి కొస విరిచి చూశారు. ఫట్‌మని విరిగింది. కొట్టువాడు హిందీలో ఏదో అన్నాడు, ఈవిడ తెలుగులో బేరమాడారు, ఇద్దరికీ అర్థమైంది, అరకిలోకి ఒక కొత్తిమీర కట్ట కొసరు వేశాడు. కొలోసియం ముందు తీసిన ఫోటోల్లో కంటే ఆ బెండకాయల సంచితో తీసిన ఫోటోలోనే ఆవిడ నవ్వుతున్నారు.

కొలోసియం అక్కణ్ణించి నడిస్తే ఇరవై నిమిషాలు. పొద్దున్న చూసేసి, ఎండ ఎక్కేసరికి ఇంటికొచ్చి, అన్నం తిని, అత్తయ్యగారు, పాప నిద్రపోయి, సాయంత్రం మళ్లీ బయల్దేరేవాళ్లం. సాంతా మరియా మజ్జోరే అనే పెద్ద చర్చి అయితే పది నిమిషాలు కూడా కాదు, రెండుసార్లు వెళ్లాం. ట్రాస్టెవెరెకి ఒక సాయంత్రం భోజనానికి వెళ్లి, నేను ముందు బుక్ చేసిన ఆ ఇంటి వీధి వెతికి చూశాను. తీగలు నిజంగానే బాగున్నాయి. అత్తయ్యగారు తలెత్తి మూడో అంతస్తు కిటికీ వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా నడిచారు.

ఆఖరి రోజు ఉదయం అయిదున్నరకి ఇల్లు ఖాళీ చేశాం. మళ్లీ అదే లిఫ్ట్, అవే విడతలు. చివరి విడతలో నేనూ రైస్ కుక్కరూ దిగేసరికి అత్తయ్యగారు కడ్డీ పట్టుకుని ఏడు మెట్లూ దిగేసి, వీధి గుమ్మం దగ్గర మాకోసం నిలబడి ఉన్నారు, చేతిలో మిగిలిన పచ్చిమిరపకాయల పొట్లంతో.